పట్టుకర్రలు

అగాదెజ్ ఊరి చివర, పోలీసులు జప్తు చేసిన ట్రక్కుల దొడ్డికి రిస్సా కాపలా. ఒకప్పుడు అతనూ అలాంటి ట్రక్కులోనే వలసజనాన్ని ఎడారి దాటించేవాడు. అది నేరమన్నాక ఈ కొలువులో చేరాడు.

"టైర్లు కూడా లేని బళ్ళకి కాపలా ఏంటి మామా? దయ్యాలేమన్నా తోలుకుపోతాయా?" అని సెయ్ని అనే కానిస్టేబుల్ నవ్వుతూ గేటు వేశాడు.

"నీ పిచ్చి కూతలాపి ఇంటికి పోరా!" అన్నాడు రిస్సా. ఆ తర్వాత మాట్లాడటానికి ఎవరూ లేరు. టీ కాచుకుని ఒక్కడే తాగాడు.

గాలి పడిపోయింది. ఎక్కడో నీటిచుక్కలు రాలుతున్న చప్పుడు వినిపించింది. టార్చి వేసి చూశాడు. చివరి ట్రక్కుకు వేలాడుతున్న నీళ్ళడబ్బా చుట్టూ కుట్టిన గోనెగుడ్డ తడిసి ఉంది. ఏళ్ళ తరబడి ఎండిపోయి ఉన్న డబ్బా అది.

"ఎవర్రా అక్కడ?"

ట్రక్కులో ఎవరూ లేరు. అంచున కూర్చున్నవాళ్ళు పడిపోకుండా పట్టుకునే కర్రలు మాత్రం బారుగా నిలబడి ఉన్నాయి.

బెదురు పోగొట్టుకోవడానికి ట్రక్కు తలుపు మీద రెండుసార్లు చరిచాడు. చరిచాక గుర్తొచ్చింది. బండి కదిలేముందు, గట్టిగా పట్టుకోమని డ్రైవర్లు చరిచేది అలాగే.

దొడ్డిలో ఉన్న ట్రక్కులన్నిటి మీదా, కర్రలు ఒక్కసారిగా కిర్రుమన్నాయి.