పాటిల్ ముంగిట్లో పంక్తి

"శాలువా నాకొద్దు. పంక్తి కావాలి," అంది అన్సాబాయి.

వామన్‌రావు నుదుటి చెమట తుడుచుకున్నాడు. ధోండిబా గురూజీ శతజయంతి రేపే. పందిరి లేచింది. ఎమ్మెల్యే వస్తున్నాడు, పత్రికలవాళ్లు వస్తున్నారు. అంటరానితనం మీద జీవితమంతా పోరాడిన మనిషికి సభ పెట్టి, ఆయన కూతురే వేదిక ఎక్కనంటే పార్టీ కార్యదర్శిగా తన పని గోవిందా!

"పంక్తి ఉంది కదా పెద్దమ్మా! షోలాపూర్ నుంచి వంటవాళ్లని పిలిపించాం. అన్ని కులాలూ కలిసే తింటాయి."

"మా నాన్న బతికుండగానూ కలిసే తిన్నారులే. తెల్లటోపీలు పెట్టుకొచ్చి, మా పక్కన కూర్చుని, వాళ్ల వంటవాడు వండింది తినిపోయారు. మా చేతి రొట్టె ఒక్కడు ముట్టాడా? ఈసారి వండేది ఊరవతలి మా మహార్‌వాడ. వడ్డించేది మేము. తినేది పెద్దకులం పాటిళ్లు. అదీ ఊరిపెద్ద పాటిల్ ముంగిట్లో."

"ముంగిట్లోనా?"

"వీధిలో ఏముంది, కుక్క కూడా తింటుంది. ముంగిట్లో పెట్టించు. లేకపోతే నీ శాలువా ఎమ్మెల్యేకే కప్పుకో."

వామన్‌రావు కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చినప్పుడు మాత్రం పెళ్లి కుదిర్చినవాడిలా నవ్వుతున్నాడు.

"ఒప్పుకున్నారు పెద్దమ్మా!"

కోడలు ముక్త నమ్మలేదు. "పాటిల్ ఒప్పుకున్నాడా? అయితే మన బావిలో పాలు ఊరాయేమో, చూసొస్తా ఉండు అత్తా."

"నోరు మూసుకుని జొన్నలు విసురు," అంది అన్సాబాయి. తనూ తిరగలి దగ్గర కూర్చుంది. తండ్రి పోయేముందు మంచినీళ్లు కూడా అడగలేదు. 'మనం కాల్చిన రొట్టె ఒక్కటి వాళ్ల గొంతు దిగితే చాలు అన్సా' అన్నాడు. అంతే.

మర్నాడు మధ్యాహ్నం మహార్‌వాడ ఆడవాళ్లు రొట్టెల గంపలతో పాటిల్ ముంగిట్లో అడుగుపెట్టారు. తెల్లబట్టలు, గులాబీ తలపాగాలతో మగవాళ్లు అప్పటికే పంక్తిలో కూర్చుని ఉన్నారు. పాటిల్ మాత్రం అరుగు మీద ఎమ్మెల్యే పక్కన కుర్చీలో ఉన్నాడు.

"ఆయన తినడా?" అంది అన్సాబాయి.

"శనివారం ఉపవాసం," అన్నాడు వామన్‌రావు.

"ఆంజనేయుడు కూడా వాళ్ల పార్టీయే," అని ముక్త గొణిగింది.

"మరి వీళ్లెవరు? మనూరి మొహాల్లా లేవే!"

"చుట్టుపక్కల ఊళ్ల పాటిళ్లు పెద్దమ్మా, వీళ్ల దాయాదులు. మనూరు ఒక్కటే మారితే సరిపోతుందా? తాలూకా అంతా మారొద్దూ!" వామన్‌రావు గొంతు తగ్గించాడు. "ఒక్క మాట. ఊరూ పేరూ అడక్కు. మొదటిసారి కదా, బెదిరిపోతారు."

మొదటి విస్తరి ముందు నెరిసిన మీసాల మనిషి కూర్చున్నాడు. అన్సాబాయి రొట్టె వేసింది, పక్కన శనగపిండి కూర, పచ్చిమిరప కారం. అతను రొట్టె వంక చూశాడు. ముట్టలేదు. ఆమె చేతుల వంక చూశాడు. చెయ్యి పైకి లేవలేదు.

పంక్తి అంతా అతని వంకే చూస్తోంది. అతను లేస్తే అందరూ లేస్తారు.

అతను రొట్టె తుంచాడు. నోట్లో పెట్టుకున్నాడు. మింగాడు.

ఫొటోలు తీసేవాళ్లు ఎగబడ్డారు. ఎమ్మెల్యే మైకు అందుకున్నాడు. "ఈ రోజు గోడ కూలింది! పెట్టిన చెయ్యి ఎవరిది, తిన్న నోరు ఎవరిది అని ఎవరూ అడక్కండి! అందరం మనుషులమే!"

"ఇంకోటి వెయ్యనా అయ్యా?" అంది అన్సాబాయి.

అతను తల ఎత్తకుండానే ఊపాడు. కళ్లలోంచి నీళ్లు జారి విస్తట్లో పడ్డాయి.

"కారం ఎక్కువైందా?"

"లేదమ్మా. కమ్మగా ఉంది."

ముక్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. "తాత ఉంటే బాగుండేది అత్తా." అన్సాబాయి కోడలి వీపు మీద ఒక్కటి చరిచి, తనూ కళ్లు తుడుచుకుని, మళ్లీ గంప ఎత్తుకుంది. ఆమెకిప్పుడు కాళ్లు నేల మీద లేవు.

భోజనాలయ్యేసరికి ఎమ్మెల్యే కారెక్కాడు. పాటిల్ లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. మీసాల మనిషి తన విస్తరి తనే మడిచి చేతిలోకి తీసుకున్నాడు.

"అయ్యో, ఉంచండయ్యా! అతిథి ఆకు మేం తియ్యాలి," అంటూ అన్సాబాయి పరుగున వచ్చింది.

అతను ఇవ్వలేదు. వంగి, గ్లాసులో మిగిలిన నీళ్లు తను కూర్చున్న చోట చల్లాడు. అరచేత్తో నేలని శుభ్రంగా తుడిచాడు. మూల మూలా వదలకుండా.

అన్సాబాయి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పెద్ద కులం వాకిట్లో తిన్నాక మైల పోయేలా ఎలా తుడవాలో ఆమెకి ఒకరు చెప్పాలా? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తనూ అలాగే తుడిచింది. ఏ పాటిల్ చేతికీ ఆ పని రాదు.

తల తిప్పి చూసింది. పంక్తి పొడుగునా గులాబీ తలపాగాలు వంగి ఉన్నాయి. అందరూ నేల తుడుస్తున్నారు.

"ఏ ఊరు మీది?" అంది.

అతను చుట్టూ చూసి, రెండడుగులు వెనక్కి వేసి, ఆమె మీద తన నీడ పడకుండా జరిగి చేతులు జోడించాడు.

"బార్శీ అవతల మహార్‌వాడమ్మా. పార్టీవాళ్లే లారీలో తీసుకొచ్చి తలపాగాలు కట్టారు. ఈ రోజు చూడకుండానే మా నాన్న పోయాడు. పాటిల్ ఇంటి ఆడవాళ్లు తమ చేత్తో మాకు వడ్డిస్తారంటే నేనే నమ్మలేదు దొరసానమ్మా... వడ్డించారు!"