ఇంకెంతసేపమ్మా?

“కాసిని మంచినీళ్ళిస్తావా పెద్దమ్మా?”

గేటు దగ్గర ఎవరో కొత్త మనిషి. యాభై దాటి ఉంటాయి. భుజాన సంచి, పక్కన పాత బండి.

గురమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. కళ్ళు మాత్రం అతని మీది నుంచి తీయలేదు. పుల్లలచెరువు దగ్గర సగం జీవితం గొర్రెల మంద కాచిన మనిషి ఆమె. నీళ్ళకని వచ్చి గొర్రెపిల్లను చంకన పెట్టుకుపోయిన వాళ్ళను చాలామందిని చూసింది.

లోపలి నుంచి మనవరాలు రాధిక కేకేసింది.

“అవ్వా, మిక్సీ గిక్సీ వెయ్యొద్దు! కంప్యూటర్లో పని నడస్తాంది.”

“ఏం పనే?”

“తెర మీద బొమ్మ కనపడాలంటే లోపల గ్రాఫిక్స్ కార్డుంటాది గదా, దాన్ని నడిపే డ్రైవరు పాతదైపోయింది. కొత్తది ఎక్కిస్తేగాని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోనంటాంది. మధ్యాహ్నం రెండింటికి ఉద్యోగం పరీక్ష.”

“తెరుచుకోకపోతే?”

“ఉద్యోగం పోయినట్టే. మళ్ళీ పెళ్ళి వీడియోల్లో మబ్బులు, గులాబీలు అతికించుకుంటా కూర్చోవాల.”

“జాగ్రత్తగా చెయ్యే తల్లీ.”

“చేస్తానే ఉండా. ఎవరో పంపిన లింకు కాకుండా, కార్డు చేసిన కంపెనీ సైట్లోంచే దించుకున్నా. వెనక్కి పోయేదానికి రిస్టోర్ పాయింటూ పెట్టుకున్నా. ఒక్క కరెంటు పోకుండా ఉంటే చాలు. మధ్యలో పోయిందంటే తెర నల్లగా అయి కూర్చుంటాది. మళ్ళీ బాగుచేసుకునే టైం లేదు. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది.”

గేటు దగ్గర మనిషి చెంబు కింద పెట్టాడు. వెళ్ళలేదు. లోపలికొచ్చి కిటికీలోంచి తొంగిచూశాడు.

“ఎంతసేపు పడతాదమ్మా?”

“పాత కంప్యూటరు గదన్నా. అరగంట పట్టొచ్చు.”

అతను అరుగు మీద కూర్చున్నాడు.

“నీకేం పనయ్యా దాంతో?” అంది గురమ్మ.

“ఊరికే పెద్దమ్మా.”

అంతలో అతని ఫోన్ మోగింది.

“దారిలో ఉండా సార్. బండి పంక్చరైంది. ఇదో, వచ్చేస్తా.”

అవతలి గొంతు గురమ్మకు కూడా వినిపించేంత గట్టిగా అరిచింది. అతను ఫోన్‌ను చెవికి దూరంగా పట్టుకున్నాడు.

గురమ్మ నింపాదిగా వెళ్ళి, బండి టైర్లు రెండూ బొటనవేలితో నొక్కి చూసింది. రాళ్ళలా ఉన్నాయి.

గబగబా లోపలికొచ్చింది.

“రాధికా! వాడు దొంగే. టైర్లు గట్టిగా ఉండాయి.”

“టైర్లు గట్టిగా ఉంటే దొంగా?”

“మరి పంక్చరని అబద్ధమెందుకాడినట్టు? వాడి కన్నంతా నీ పెట్టె మీదే ఉంది.”

సరిగ్గా అప్పుడే తెర నల్లబడింది.

“అయ్యో! వాడి దిష్టే!”

“అరవొద్దవ్వా. డ్రైవరు మారేటప్పుడు ఒకసారి ఆరి వెలుగుతాది. మనం ఏదీ ముట్టుకోకుండా ఊరుకోవాల.”

అలా అని, రాధిక మౌస్ మీది నుంచి చెయ్యి తీసేసింది.

తెర వెలిగింది.

“ఇంకెంతసేపమ్మా?” బయటి నుంచి అదే గొంతు.

గురమ్మకు చిర్రెత్తింది. బకెట్‌తో నీళ్ళు తెచ్చి అరుగు మీద గుమ్మరించింది.

“లెయ్యి, లెయ్యి. అరుగు కడగాల.”

అతను లేచి, తడిసిన లుంగీ పిండుకున్నాడు. మార్కాపురం ఎండలో, నీడ లేని చోట, బండికి ఆనుకుని నిలబడ్డాడు. మళ్ళీ ఫోన్.

“ఇంకొంచెంసేపు సార్. తిట్టండి సార్, తప్పు నాదే.”

“సిగ్గు కూడా లేదు,” అంది గురమ్మ, అతనికి వినపడేటట్టే.

“అయిపోయింది!” లోపలి నుంచి రాధిక అరిచింది. “రీస్టార్ట్ కూడా చేసినా. సాఫ్ట్‌వేర్ తెరుచుకుందవ్వా!”

అతని ముఖం విప్పారింది.

“ఇంకేం భయం లేదు గదా పాపా?”

“లేదన్నా.”

“అయితే కాసేపు దాన్ని ఆపెయ్యి. పరీక్ష టయానికి పెట్టుకుందువు. అదీ అలిసిపోయుంటాది.”

రాధిక నవ్వుతూ కంప్యూటర్ ఆపేసింది. అతను బండెక్కి వీధి చివరికి వెళ్ళిపోయాడు.

గురమ్మ గేటుకు గొళ్ళెం పెట్టి, ఉస్సురని ఫ్యాను కింద కూర్చుంది. కాసేపటికి ఫ్యాను ఆగిపోయింది.

“చూసినావా! పోతాపోతా కరెంటు కూడా ఎత్తుకుపోయినాడు!”

రాధిక పొట్ట పట్టుకుని నవ్వింది.

ఒంటిగంట లోపే కరెంటొచ్చింది. రెండింటికి రాధిక పరీక్షలో కూర్చుంది. గురమ్మ మాత్రం ఊరుకోలేకపోయింది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పక్కింట్లో ఉండే నరసమ్మను హెచ్చరించడానికి బయల్దేరింది.

నరసమ్మ మేకలకు వేపకొమ్మలు వేస్తోంది.

“తలుపులు జాగ్రత్త నరసమ్మా. మన వీధిలో దొంగ తిరగతా ఉండాడు. భుజాన సంచి, పాత బండి.”

“ఆయనా? ఆయన నా దగ్గర నిచ్చెన తీసుకున్నాడే!”

“ఇంకేముంది, నీ నిచ్చెన పోయినట్టే.”

“తెచ్చి ఇచ్చేసినాడత్తా. ‘మా గురమ్మత్త ఇంటికాడ అంతసేపు ఎండలో ఎందుకు నిలబడినావన్నా?’ అని నేనే అడిగినా.”

“ఏమన్నాడు?”

“‘చెబితే ఆ బిడ్డ కంగారులో ఏదో ఒకటి నొక్కుతాదని చెప్పలేదమ్మా’ అన్నాడు.”

“ఏం చెబితే?”

నరసమ్మ చేతిలోని వేపకొమ్మ మేకల ముందు వేసింది.

“తీగలకు తగిలే ఈ కొమ్మలు కొట్టేదానికి వీధి కరెంటు తీయమని పైనుంచి సారు తిడతానే ఉన్నా, మన రాధిక పని అయ్యేదాకా తీయకుండా కాచుకున్న కొత్త లైన్‌మేన్ తనేనని!”