శుభలేఖలో ఒకటే బటన్

"శుభమా అని పెళ్ళి చేసుకుంటుంటే శుభలేఖలో 'రాలేము' ఏంట్రా, అప్రాచ్యపు వెధవా?"

రాధాకృష్ణమూర్తిగారు ఫోన్‌ని కొడుకు ముందుకు తోశారు. జగ్గయ్యపేటలో పప్పుల హోల్‌సేల్ కొట్టు ఆయనది. వచ్చే నెల కూతురు కృష్ణప్రియ పెళ్ళి, నందిగామ ఫంక్షన్ హాల్లో. కొడుకు నవనీత్ ఇంట్లోనే కూర్చుని హైదరాబాద్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ పని చేస్తుంటాడు. చెల్లెలి పెళ్ళికి తన వంతుగా ఒక ఏపీఐ రాశాడు. అంటే మరేం లేదు. శుభలేఖ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఫోన్లో 'వస్తాం', 'రాలేము' అని రెండు బటన్లు వస్తాయి. నొక్కిన జవాబును ముంబైలో ఉన్న సర్వరు దాచుకుని, భోజనాలకి ఎంతమందో అడిగినప్పుడల్లా చెబుతుంది. కంపెనీలో ఇంతకు పదింతల పనులు చేసే నవనీత్‌కి ఇదో లెక్క కాదు. తండ్రిని ఒప్పించడం మాత్రం ఏ కోర్సులోనూ నేర్పలేదు.

"రానివాళ్ళెవరో తెలిస్తేనే కదా నాన్నా, తిరుపతిరావుకి లెక్క చెప్పేది."

తిరుపతిరావు నందిగామలో వంటల కాంట్రాక్టరు. పెళ్ళిలో అన్నం చాల్లేదన్న మాట వస్తే రాధాకృష్ణమూర్తిగారు బజార్లో తలెత్తుకు తిరగలేరు. మిగిలిపోయి పారబోస్తే ఆయన కడుపు తరుక్కుపోతుంది. అందుకే లెక్క కచ్చితంగా కావాలని ఆయనే అన్నారు. 'రాలేము' మాత్రం వద్దు.

"రానివాళ్ళు ఎటూ రారు. వాళ్ళచేత ఆ మాట అనిపించడమెందుకు? అపశకునం. తీసెయ్."

"పోనీ, 'చూస్తాం' అని పెట్టనా?"

"'చూస్తాం' అంటే రామనే. కాస్త మర్యాదగా చెప్పడం, అంతే. అదీ వద్దు."

"అప్పుడు మిగిలేది 'వస్తాం' ఒక్కటే నాన్నా."

"మనక్కావాల్సిందీ అదేగా."

నవనీత్ కోడులో నాలుగు లైన్లు కొట్టేసి, మళ్ళీ క్లౌడ్‌లోకి ఎక్కించాడు. ఇప్పుడు ఏపీఐ మహా సులువైపోయింది. ఎవరు, ఏ ఊరినుంచి, ఏ మనసుతో నొక్కినా ఒకటే జవాబు. తప్పు దొర్లే ఆస్కారమే లేదు. ఉద్యోగంలో చేరాక ఇంత నిఖార్సైన ప్రోగ్రాం అతను రాసి ఎరగడు.

"ఒకసారి టెస్ట్ చెయ్యవే," అని చెల్లెలికి లింకు పంపాడు.

కృష్ణప్రియ గుమ్మానికి ఆనుకుని ఫోన్ వంక చాలాసేపు చూసింది. "ఇంతేనా అన్నయ్యా? రెండోది లేదా?"

"నాన్న తీయించేశారు."

"పెళ్ళికూతురివి, నీకెందుకమ్మా ఈ లెక్కలు? వెళ్ళి చీరలు చూసుకో," అన్నారు రాధాకృష్ణమూర్తిగారు. కృష్ణప్రియ వెళ్ళి చీరలు చూసుకుంది.

శుభలేఖలు పంచారు. జవాబులు వచ్చిపడ్డాయి. గట్టు తగాదాలో మాటలు మానేసిన వత్సవాయి బాబాయి వస్తామన్నాడు. మోకాలి ఆపరేషనై మంచం దిగలేని జి.కొండూరు అత్తయ్య వస్తామంది. నవనీత్ స్నేహితుడు జయంత్ వస్తామన్నాడు. అదే ముహూర్తానికి విజయవాడలో అతని పెళ్ళి.

"నీ పెళ్ళి ఒదిలేసి ఎలా వస్తావురా?" అని ఫోన్ చేసి అడిగాడు నవనీత్.

"నొక్కడానికి ఇంకేముంది అందులో? ఏమీ నొక్కకపోతే బాగుండదని నొక్కా."

రాధాకృష్ణమూర్తిగారు మాత్రం కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ఫోన్ చూపిస్తున్నారు. "ఒక్కడంటే ఒక్కడు రానన్లేదు. మనవాళ్ళకి మనమంటే ఎంత అభిమానమో ఇన్నాళ్ళకి తెలిసింది. ఎంతైనా కంప్యూటర్ కంప్యూటరే."

పెళ్ళి ఎల్లుండనగా తిరుపతిరావు ఫోన్ చేశాడు. నవనీత్ లెక్క చెప్పాడు.

"అంతమంది అసలు నందిగామలో ఉన్నారంటారా అండి?"

"సర్వరు అలాగే చెబుతోంది మరి."

"అందులో నేనూ ఉన్నానండి. శుభలేఖ ఇచ్చారు కదాని మావాళ్ళందరిచేతా నొక్కించా. సర్వరు సంగతి అలా ఉంచి, వచ్చేవాళ్ళెందరో సాయంత్రానికల్లా చెప్పండి బాబూ. తర్వాత నన్నని లాభం లేదు."

నవనీత్ లాప్‌టాప్ తీసుకుని మేడమీద గదిలోకి వెళ్ళాడు. తండ్రి చెవిన పడకుండా ఒక్కొక్కరికే ఫోన్ చేసి, యోగక్షేమాలు అడిగి, నసిగినవాళ్ళ పేర్లు తనే చేత్తో 'రాలేము' కిందికి మారుస్తున్నాడు. ఎవర్నీ నోటితో అడగక్కర్లేదని క్లౌడ్‌లో పెట్టిన ఏపీఐ కోసం, నోరెండిపోయేలా ఊరందర్నీ అడుగుతున్నాడు.

మధ్యాహ్నం దాటాక కృష్ణప్రియ వచ్చింది. చేతులకి గోరింటాకు ఇంకా ఆరలేదు. మోచేత్తో తలుపు దగ్గరగా వేసింది.

"రానివాళ్ళ పేర్లు నువ్వే కొడుతున్నావా అన్నయ్యా?"

"ఏం చెయ్యను? అందరూ మొహమాటం మనుషులే. విడిగా అడిగితేగాని నిజం చెప్పట్లేదు."

"అందర్నీ అడిగావా?"

"ఆ, అయిపోవచ్చింది."

"ఇంకొకళ్ళున్నారు. రావడం లేదు."

"నీ ఫ్రెండా? ఇప్పుడా చెప్పేది?"

"ముందే అడిగుంటే ముందే చెప్పేదాన్ని."

పోనీలే, ఒక విస్తరి తగ్గిందని నవనీత్ సంబరపడ్డాడు. తిరుపతిరావుకి చెప్పాల్సిన వేళవుతోంది. లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే, "సరే, పేరు చెప్పు. తీసేస్తా," అన్నాడు.

"కృష్ణప్రియ."