వీపు కనిపించని గౌను

"జిప్పా! ఐదు వందల ఏళ్ల నాటి గౌనుకు జిప్పా!"

మ్యూజియం నడిపే లాపో అరుపుకు హాలు దద్దరిల్లింది. గౌనును వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. ముఖం కందగడ్డలా అయింది.

ఎర్సీలియా కుర్చీలోంచి లేవలేదు. ఫ్లోరెన్స్‌లో ఒపేరాలకు దుస్తులు కుట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. నోటి దురుసులోనూ అంతే. హాలు గోడమీది ఐదు వందల ఏళ్ల నాటి పెళ్లికూతురి బొమ్మలో ఉన్నలాంటి గౌను కుట్టిమ్మని లాపో అడిగినప్పుడు ముందు ముఖం మీదే తలుపేసింది. చాలాసార్లు బతిమాలాక, ఉన్నది ఉన్నట్టే కుడతానంటూ ఒప్పుకుంది.

"ముందువైపు వంక పెట్టండి, చూద్దాం," అంది.

లాపో గౌనును ముందువైపుకు తిప్పాడు. ఎర్ర ముఖమల్, చేతుల దగ్గర చీలికలు, ముత్యాల వరస... బొమ్మలోంచి మడతలతో సహా దిగి వచ్చినట్టుంది. దాంతో ఇంకా మండింది.

"బొమ్మ చూడ్డానికి ఒక్కసారైనా వచ్చారా? రమ్మంటే కసిరారు. బొమ్మలో వీపు కనిపించదు కదా అని ఏదో ఒకటి తగిలించేస్తారా? సాయంత్రం మేయరు గారొస్తున్నారు. ఊరు ఊరంతా నవ్వదూ?"

"వెనక అలాగే ఉంది."

"ఆ కాలానికి వెళ్లి చూసొచ్చారా?"

తలుపు దగ్గరి కాపలావాళ్లు కిసుక్కున నవ్వారు. ఎర్సీలియా ఒక్క చూపు చూసింది. నవ్వు ఆగిపోయింది.

"ఈ బొమ్మ ఏదో పాత మఠం అటకమీద దుమ్ము కొట్టుకుపోతుంటే మా నాన్న కనిపెట్టాడు," అన్నాడు లాపో. "పోయేదాకా దీన్ని దేవతలా చూసుకున్నాడు. ఆయన పేరు పెట్టిన ఈ మ్యూజియంలో ఈ మోసం నిలబెట్టమంటారా? జిప్పు పీకి తాళ్లు కుట్టండి. లేదంటే ఈ ఊళ్లో మీరు మళ్లీ సూది పట్టకుండా చేస్తాను!"

మోసం అన్న మాట వినగానే ఎర్సీలియా లేచింది. కుర్చీని కాలితో పక్కకు తన్ని, తిన్నగా గోడ దగ్గరికి నడిచింది. బొమ్మ వైపు చూసింది. ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసినట్టు, కోపంగా.

"నేను కల్పించిన కుట్టు ఇందులో ఒక్కటీ లేదు, బాబూ," అంది అటు తిరిగే. "మీ నాన్న మీ పెరటి గదిలో ఈ బొమ్మ గీస్తున్నన్నాళ్లూ, కదిలితే తిట్లు తింటూ ఆ గౌనులో కూర్చున్న పిల్లను నేనే."