తెరవాల్సిన తలుపు ఒక్కటే

“రూట్‌గా నడిపేద్దాం సర్వరక్కా. అన్ని అధికారాలూ ఇచ్చేస్తే ఒక్క దెబ్బకి పనైపోతుంది,” అంది చిట్టి.

“ఇల్లు ఊడవడానికి వచ్చిన మనిషికి బీరువా తాళాలు ఇస్తావా?” అంది సర్వరక్క, తెర మీంచి చూపు తిప్పకుండా. కంపెనీల సర్వర్లు నడిపి నడిపి ఆరితేరిన మనిషి. ఆ పేరు చిట్టి పెట్టిందే.

చిట్టి పైథాన్‌లో రాసిన సైటు సిద్ధంగా ఉంది. అది నడిస్తే, వచ్చేవాళ్ళు గేటు దగ్గర పడిగాపులు పడక్కర్లేదు, ఇంటినుంచే టైము తీసుకోవచ్చు. పోయిన నెల చిట్టి వాళ్ళమ్మ పాపని చంకనేసుకుని ఎంతో దూరం నుంచి వచ్చింది. ఆమె వంతు వచ్చేసరికి కౌంటరు మూసేశారు. అదే భవనంలో ఉండి కూడా చిట్టి కూతుర్ని చూసుకోలేకపోయింది. లోపలి మనిషైనా రూలు రూలే అన్నారు. వారం రోజులు ఏడ్చి, ఆ తర్వాత ఈ సైటు మొదలుపెట్టింది.

ఇక్కడి పెద్ద మేడమ్ ఒప్పుకుంది గానీ, ఒక్క దొంగ దూరినా సైటు మూసేస్తానని ముందే చెప్పింది. అందుకే సర్వరక్క ఏరికోరి ఈ ఆపరేటింగ్ సిస్టమ్ తెప్పించింది. ఇది గయ్యాళి అత్తగారి బాపతు. అన్ని తలుపులూ మూసే ఉంటాయి, ఏది కావాలన్నా అడిగి తెరిపించుకోవాలి.

సైటు బాగానే కనిపిస్తోంది, టైము తీసుకోబోతే మాత్రం ఎర్రర్ వస్తోంది. తప్పులన్నీ నమోదయ్యే లాగ్‌ని సర్వరక్క చిట్టి చేతే చదివించింది. వివరాలు దాచే ఫోల్డర్‌లో రాసే అనుమతి ప్రోగ్రామ్‌కి లేదట.

“ఆ ఒక్క ఫోల్డరూ దాని పేర రాసెయ్. ఇంకేదీ ముట్టుకోనివ్వకు.”

“మరీ అంత అనుమానమా అక్కా?”

“మా కంపెనీవాళ్ళు నన్ను నమ్మి అన్ని తాళాలూ ఇచ్చారు. అదీ వాళ్ళు చేసిన తప్పు,” అని నవ్వింది సర్వరక్క.

సిస్టమ్‌లో సైటు కోసం బయటికి ఒక్క తలుపే తెరిచి, మిషన్ ఆపి మళ్ళీ పెట్టారు. సైటు దానంతటదే లేచింది. గదిలోకి ఫోన్లు తేకూడదు కాబట్టి మేడమ్ తన ఫోనుతో గుమ్మంలో నిలబడింది. సైటు అడ్రసు చిట్టి వాళ్ళమ్మకి ఆవిడే పంపింది.

“ఇంకా రాలేదేంటి?” అని చిట్టి గోళ్ళు కొరుక్కుంది.

“కళ్ళజోడు వెతుక్కుంటూ ఉంటుందిలే. నేను పెట్టిన సర్వర్ పడదు.”

“వచ్చింది,” అంది మేడమ్. “ఆదివారం పదింటికి. ఒక పెద్దావిడ, ఒక పాప.”

చిట్టి సర్వరక్కని వాటేసుకుంది. ఈసారి వాళ్ళని ఎవరూ వెనక్కి పంపలేరని ధైర్యం వచ్చింది.

సాయంత్రం గంట కొట్టారు. కంప్యూటర్లు ఆపి, కుర్చీలు సర్ది బయటికొచ్చారు.

ఇద్దరూ వెళ్ళి ఖైదీల వరసలో నిలబడ్డారు.