దుబాయ్ ఇంజనీరు

"ఫోన్ పిల్లర్ల గుంతల దిక్కు తిప్పు," అన్నాడు జోయల్ దుబాయ్ నుంచి. "మూడు ఫీట్లంటే మూడు ఫీట్లే. ఎక్కువ తవ్వుడు దండుగ."

దుబాయ్‌లో అతను మోసేది సెంట్రింగ్ చెక్కలు. లక్సెట్టిపేటలో పిల్లర్లు లేపి, బీములు వేసి కట్టుకుంటున్న రెండు గదుల ఇంటికి మాత్రం ఫోన్‌లో అతనే ఇంజనీరు.

భార్య మహిమ మూలనున్న గుంతలోకి దిగి నిలబడింది. లోతు నడుము దాకా వచ్చింది.

"గట్లుండాలె. మా బాపు గీ నల్లరేగడిల మూడు ఫీట్లే తవ్విండు. ఇల్లు కూలిందా?"

"కూలలే," అంది మహిమ. "గోడ పగుల్లకెల్లి కోళ్లు అస్తున్నయ్, పోతున్నయ్. తలుపు తీసే పనే లేదు."

"నోర్ముయ్. రెండో గుంత సూపియ్యి."

ఆమె పైకి వచ్చి, అదే గుంతను అవతలి పక్కనుంచి చూపింది. మూడోది అడిగితే ఇంకో పక్కనుంచి. ఆరోది కూడా చూశాక జోయల్ మీసం దువ్వుకున్నాడు.

"సూసినవా? ఆరుకు ఆరు ఒక్క తీరుగున్నయ్. నేను సూడకుంటే ఆగం జేస్తుంటివి."

"నీ అంత నజర్ ఎవలికుంటది," అని మహిమ ఫోన్ పెట్టేసింది.

పక్క గుంతలో తవ్వుతున్న పెద్దాయన కనబడలేదు, గొంతే వినబడింది.

"బిడ్డా, ఈడ గూడ బండ తగిలింది. ఆ మూల లెక్క మూడు ఫీట్లకు కాదు, నా నెత్తి మునిగినంక. నీ ఇంజనీరు పోయిండా?"

"పోయిండు," అంటూ మహిమ ఆ గుంతలోకి నిచ్చెన దించింది.