పిడికిలి సాక్ష్యం

పై అరలో కప్పు కోసం చెయ్యెత్తిన అక్క సగంలో ఆగి, పక్కటెముకల దగ్గర పట్టుకుంది. వంటగది గుమ్మంలో నిలబడ్డ తమ్ముడి కంట అది పడనే పడింది.

"ఏమైందక్కా?"

"వంటగట్టు అంచు తగిలిందిరా. చూసుకోలేదు."

"గట్టు నీ నడుం దాకా కూడా లేదు. పక్కటెముకలకి ఎలా తగిలింది?"

"వంగినప్పుడు తగిలింది. పోలీసులా ఏంటా ప్రశ్నలు?" అక్క నవ్వబోయి, నొప్పికి పెదవి కొరుక్కుంది.

తమ్ముడు బాక్సింగ్ నేర్పుతాడు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే చెప్పే మాట ఒకటుంది: "సంచిని నువ్వెంత గట్టిగా గుద్దితే, అదీ నిన్నంతే గట్టిగా గుద్దుతుంది." ఎముకకి తగిలితే మరీను. వాళ్ళ ఆటలో కొట్టడమంటే చేత్తోనే. పట్టీ చుట్టకుండా గుద్దినవాడి చెయ్యి మర్నాటికి వాచి, దాచుకున్నదంతా చెప్పేస్తుంది.

అనుమానం పురుగులా తొలుస్తుంటే ముందుగదిలోకి వచ్చాడు. బావ కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"ఏమిటోయ్, అక్కాతమ్ముళ్ళ గుసగుసలు?"

"మీ చెయ్యి ఓసారి ఇలా ఇవ్వండి బావా."

"ఈమధ్య జాతకాలు కూడా చెప్తున్నావా?" అంటూ బావ కుడిచెయ్యి చాచాడు.

ఆ చేతిమీద కాస్త వాపు కనిపించినా చాలు, అక్కని ఇవాళే తనతో తీసుకుపోదామనుకున్నాడు తమ్ముడు. చెయ్యిని బోర్లా తిప్పి, వేళ్ళ కణుపుల్ని ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కాడు. వాపు లేదు, చిన్న గీత కూడా లేదు. బావ మొహంలో నొప్పి జాడే లేదు.

"ఎడమది కూడా."

అదీ అంతే. పెన్ను తప్ప మరేదీ పట్టి ఎరగని మెత్తటి చెయ్యి.

"ఇంతకీ ఏముంటుందంటావ్, నాకు ముందు ముందు?"

"అంతా మంచే బావా" అన్నాడు తమ్ముడు. అతనికి తల కొట్టేసినట్టయింది. పెళ్ళినాటి నుంచీ తనని సొంత తమ్ముడిలా చూసుకున్న మనిషిని దొంగని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. గుమ్మం దగ్గర అక్క అతని మొహం వంకే చూస్తోంది.

"వస్తానక్కా. మందు రాసుకో. ఇకనైనా గట్టు దగ్గర చూసుకుని మసులుకో."

"సరేరా" అంది అక్క మెల్లగా, తల దించుకుని.

అతను చెప్పులు వేసుకుంటుంటే, "ఉండవోయ్, గేటు దాకా నేనూ వస్తా" అని బావ పేపరు మడిచి లేచాడు. గుండె తేలికపడి, తమ్ముడు ఆయన కోసం వెనక్కి తిరిగాడు.

బావ కుంటుతున్నాడు.